తడి చెక్క వాసన

ఉద్యోగం మానేశాక కొత్తవాళ్ళెవరైనా "ఏం పని చేసేవారండీ?" అని అడిగితే "వాసన చూసేదాన్ని" అని చెబుతాను. కొందరు నవ్వుతారు. కొందరు హోటల్లో వంటమనిషిని అనుకుంటారు. బస్సులో పక్కన కూర్చున్న ఒక పెద్దమనిషి మాత్రం "పోలీసు డిపార్ట్‌మెంటులోనా?" అన్నాడు. నేనేమీ అనుకోలేదు. అనుకున్నాను గానీ, దిగే ఊరు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చున్నాను.

నిజంగానే నేను చేసింది ఆ పని. ఆదోనిలో పత్తి మిల్లుల వెనక వీధిలో ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ముప్పై ఏళ్ళకు పైనే సెంట్లు కలిపాను. జాతరల్లో అమ్మే వేలెడంత సీసాలు, అగరొత్తుల వాళ్ళకు డబ్బాల్లో పోసిచ్చే మల్లె, తలనూనెల వాళ్ళకిచ్చే సంపెంగ. అన్నీ ఘాటు సరుకే. మా సెంటు పూసుకున్న మనిషి వీధి మలుపు తిరగకముందే అతనొస్తున్నాడని ఇంట్లో వాళ్ళకు తెలిసిపోవాలి, అప్పుడే అది మంచి సెంటు. మా లెక్క అది.

కొత్తగా పనిలో చేరిన పిల్లలు ఇప్పుడు నా దగ్గరికి వచ్చి, "అంత అనుభవం ఉంది కదా, మీరు తప్పులు చేయలేదా?" అని అడుగుతుంటారు. వాళ్ళకు అదేదో ధైర్యం కాబోలు. చేశాను తల్లీ, చేశాను. చిన్నవి లెక్కలేదు. పెద్దవి రెండు. ఆ రెండూ ఒకే పూట బయటపడ్డాయి. ఒకటి పదకొండు మంది కూడు పోయేంత తప్పు. రెండోది ఒక మనిషిని నలుగురిలో అనకూడని మాట అనడం. ఇన్నేళ్ళకు వెనక్కి తిరిగి చూస్తే మొదటి దానికి నవ్వొస్తుంది. రెండో దానికి ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మా షెడ్డు యజమాని పత్తి వ్యాపారి. మేమంతా సావుకారు అనేవాళ్ళం. సెంటు పని వాళ్ళ నాయన సరదాకు మొదలుపెట్టింది. ఈయనకు దాని మీద ఏ మోజూ లేదు. నెలకోసారి వచ్చి గుమ్మంలో నిలబడి, ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని, "అందరూ బాగుండారా?" అని అడిగి వెళ్ళిపోయేవాడు. మాకు ఆయన ఇచ్చే ఒకే ఒక్క కానుక దూది. మిల్లు నుంచి గోనెసంచిలో పంపేవాడు. ఎందుకంటారా, మేం వాసన చూసేది దూది మీదే. నాకు పని నేర్పిన ముసలి ఉస్తాద్ మొదటి రోజే చెప్పాడు, "కాగితం మీద వద్దు బేటీ, దూది మీద చూడు" అని. మా వైపు పెద్ద సావుకార్ల పెళ్ళిళ్ళలో వచ్చిన బంధువు చెవి మడతలో అత్తరు దూది పెట్టడం మర్యాద. సెంటు చివరికి చేరేది దూదిలోకే అయినప్పుడు, చూసేది కూడా దూది మీదే చూడాలి కదా అని ఆయన వాదన. ఉస్తాద్ పోయాక కూడా నేను ఆ మాట జవదాటలేదు. గురుభక్తి అనుకోండి, బద్ధకం అనుకోండి.

షెడ్డులో నాకంటే పాతది ఒకామె ఉండేది. సోడా నీళ్ళతో సీసాలు కడిగేది. అందరం సీసాలక్క అనేవాళ్ళం. పాత పత్తి ప్రెస్సులోంచి ఊడదీసిన టేకు చెక్క ఒకటి తొట్టి పక్కన వేసుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని మీదే కూర్చుని కడిగేది. చీర మీద మగవాళ్ళ ఫుల్ చొక్కా వేసుకునేది. పొలం పనికి పోయే ఆడవాళ్ళంతా మా వైపు అలాగే వేసుకుంటారు, వింతేమీ కాదు. మొగుడు కొత్తది కొనుక్కుని పాతది ఈమెకిచ్చాడేమో అనుకున్నాం చాలాకాలం. కాదు, కొత్తదే ఈమె లాక్కుంది. ఆమె గొంతు ఎప్పుడూ పెరిగేది కాదు, తగ్గేది కాదు. సావుకారు వస్తే "ఏమప్పా, వచ్చినావా" అనేది. షెడ్డు ముందర పడుకునే కుక్క వస్తే "ఏమప్పా, వచ్చినావా" అనేది.

ఇలా సాగుతుండగా సావుకారు కూతురు బెంగళూరులో చదువు ముగించుకుని వచ్చి, షెడ్డు నేను చూసుకుంటాను నాన్నా అంది. పుట్టినప్పటి నుంచి చూసినవాళ్ళం కాబట్టి మాకు పాపే. ఆయన ఒక షరతు పెట్టాడు. మా అందరి ముందరే పెట్టాడు.

"దీపావళి దాకా సూస్తాను పాపా. నువ్వు కొత్తది ఏదన్నా చేసి, బళ్ళారి వ్యాపారి చేత ఒప్పించు. ఆయన సరేనంటే షెడ్డు నీది. కాదంటే ఈడ పత్తి బేళ్ళు పెట్టుకుంటాను. నాకు గోడౌను సాలడంలేదు."

బళ్ళారి వ్యాపారి సరేనంటే మూడు జిల్లాల అంగళ్ళలో సరుకు నిలబడుతుంది. కాదంటే బేళ్ళు. బేళ్ళకు సెంటు పూయాల్సిన పని లేదు, సీసాలు కడగాల్సిన పని అంతకన్నా లేదు. పదకొండు మందిమి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సీసాలక్క మాత్రం తొట్టిలోంచి తల ఎత్తలేదు.

పాప కొత్తది అంటే నిజంగానే కొత్తది తలపెట్టింది. మా షెడ్డులో రెండు అరలుండేవి, ఒకటి మగవాళ్ళ సెంట్లకు, ఒకటి ఆడవాళ్ళ వాటికి. ఆ రెండు అరలకూ చెందనిది చేద్దాం అంది. ఇద్దరూ పూసుకునేది. మల్లె వద్దు, గులాబి వద్దు. చెక్క వాసన, నీళ్ళ వాసన.

"నీళ్ళకు వాసనేంది పాపా?" అన్నాను.

"ఉంటాదత్తా. నువ్వు చూడు" అని ఒక కాగితం నా ముందర పెట్టింది. సెంటు కలిపే ముందు, ఆ సెంటే ఒక మనిషైతే ఎలా ఉంటుందో రాసుకోవాలట. వయసెంత, ఎలా నడుస్తుంది, ఎలా మాట్లాడుతుంది, కోపం వస్తే ఏం చేస్తుంది, ఏం బట్టలు వేసుకుంటుంది, ఖాళీ దొరికితే ఏం చేస్తుంది. ముందు మనిషి తెలిస్తే వాసన దాని వెనకే వస్తుందట. పెళ్ళిచూపులకు కూడా మేం ఇన్ని ప్రశ్నలు అడగలేదు. పాప తనే నింపింది. ఇరవై ఆరేళ్ళు. ఆత్మవిశ్వాసం. స్వేచ్ఛ. తెల్ల చొక్కా. ఖాళీ దొరికితే సముద్రపు ఒడ్డున ఒంటరిగా నడక.

"ఈ మనిషి ఆదోనిలో యాడుంటాది?" అన్నాను.

"ఉండాల్సిన పనిలేదత్తా. ఇట్లా ఉంటే బాగుండునని మనవాళ్ళకు అనిపిస్తే చాలు."

చదువుకున్న పిల్ల, మనకేం తెలుసులే అని ఊరుకున్నాను. సముద్రం వాసన వచ్చే మందు ఒకటి బెంగళూరు నుంచి తెప్పించింది. అది వేసి కలిపిచ్చాను. దాన్ని ఎక్కడ చూపిద్దామంటే ఎమ్మిగనూరు సంత అన్నాను. అక్కడ నేతపని వాళ్ళు, రైతులు, వ్యాపారులు అందరూ కలుస్తారు, ఎవరూ మొహమాటానికి మెచ్చుకోరు.

మెచ్చుకోలేదు. మగ్గం దిగి వచ్చిన ఒక అవ్వ దూది ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది. "ఎండుచేపల బుట్ట పక్కన కలింగర పండు కోసినట్టుండాదమ్మా" అంది. అంత కచ్చితంగా నేనూ చెప్పలేను. ఆ మందులో పుచ్చకాయ వాసన ఉన్న మాట నిజం. సముద్రం ఎరగని ఊరికి సముద్రం ఎండుచేపల రూపంలోనే కదా వచ్చేది.

తరవాత ఒక ఫ్యాన్సీ అంగడికి పోయాం. గల్లా దగ్గర భార్యాభర్తలిద్దరూ కూర్చున్నారు. ఆయన వాసన చూసి "ఇది ఆడోళ్ళది కదా, ఇంత మెత్తగుండాది" అన్నాడు. ఆమె లాక్కుని చూసి "మెత్తగా యాడుండాది? నీ గడ్డం సబ్బు మాదిరుంది, మగోళ్ళదే" అంది. "నా సబ్బు వాసన నీకేం తెల్సు?" "బాత్రూము కడిగేది ఎవరు?" అలా వాళ్ళిద్దరూ మమ్మల్ని మరిచిపోయారు. మేం మెల్లగా బయటపడ్డాం.

తిరుగు బస్సులో పాప కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "ఇద్దరికీ పనికొస్తాదనుకుంటే ఇద్దరికీ కాకుండా పోయిందత్తా" అంది. నాకు ఆ పిల్లను చూస్తే జాలేసింది, నా సంగతి తలుచుకుంటే భయమేసింది. యాభై దాటాక, వాసన చూడటం తప్ప ఏ పనీ రానిదాన్ని ఎవరు పనిలో పెట్టుకుంటారు?

మరుసటి రోజు పొద్దున్నే షెడ్డుకు పోయాను. ఇంకా ఎవరూ రాలేదు, సీసాలక్క తప్ప. తొట్టి నింపి, రాత్రంతా ఎండిన ఆ టేకు చెక్క మీద రెండు చెంబుల నీళ్ళు కుమ్మరించింది. రోజూ చేసేదే. ఆ రోజు నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

కాలువకు నీళ్ళు వదిలిన రోజు చిన్నప్పుడు మేం పరిగెత్తుకుని పోయి చూసేవాళ్ళం. నెలల తరబడి ఎండి బీటలు వారిన తూము చెక్కకు మొదటి నీళ్ళు తగిలితే ఒక వాసన వచ్చేది. మా ఎండ నేలలో నీళ్ళంటే అదీ. సముద్రం కాదు. అదే వాసన ఇప్పుడు ఈ షెడ్డులో, ఇన్నేళ్ళూ నా ముక్కు కిందే ఉంది. వాసన చూసి జీతం తీసుకునే మనిషిని, నాకు తెలియలేదు.

చెక్క మీద ఆమె కూర్చుంది. మొగుడి చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచింది. నన్ను చూసి "ఏమ్మా, ఆడే నిలబడిపోయినావు?" అంది. ఆమెను చూస్తుంటే ఆడా మగా అన్న గొడవే గుర్తుకు రాదు. ఒక మనిషి కూర్చుని పని చేస్తోంది, అంతే అనిపిస్తుంది.

లోపలికి పోయి పాప కాగితం ఖాళీది ఒకటి తీసుకుని పెన్సిలుతో నింపాను. వయసు: అడగకూడదు. నడక: తొందర ఉండదు, ఆలస్యమూ ఉండదు. మాట: యజమానితోనూ కుక్కతోనూ ఒకటే. కోపం వస్తే: పని ఇంకా బాగా చేస్తుంది. బట్టలు: చీర మీద ఫుల్ చొక్కా. ఖాళీ దొరికితే: చేతులు ఆరబెట్టుకుంటుంది.

పాప చదివింది. కిటికీలోంచి తొట్టి వైపు చూసింది. ఎమ్మిగనూరు నుంచి వచ్చాక మొదటిసారి నవ్వింది. "ఆమెకు చెప్పొద్దత్తా" అంది. "నేనెందుకు చెప్తాను, మనిద్దర్నీ ఆ తొట్టిలోనే ముంచుతాది" అన్నాను.

ఆ తరవాత మూడు వారాలు నేను చేసిన పనిని వివరంగా చెప్పి మీకు విసుగు పుట్టించను. దేవదారు నూనె, వట్టివేరు నూనె, తుంగముస్తల నూనె. తుంగముస్తలు కాలువ గట్టున పెరిగే గడ్డి గడ్డలే, తడి వాసన వాటిలో పుట్టుకతోనే ఉంటుంది. పాప తెప్పించిన సముద్రం మందు సూది మొన మీద ఎంత నిలుస్తుందో అంత. రోజుకు పదిసార్లు కలిపాను, పదిసార్లు దూది మీద చూశాను, పదిసార్లు పారబోశాను. మా ఇంట్లో ఆయన "ఈ మధ్య నీ దగ్గర ఏ వాసనా రావడంలేదే, పని మానేసినావా?" అని అడిగాడు. అంతకాలం మల్లెపూల బండితో కాపురం చేసిన మనిషి పాపం.

ఒక మధ్యాహ్నం కుదిరింది. దూది ముక్కు దగ్గర పెట్టుకోగానే నాకు సీసాలక్క ఎదురుగా కూర్చున్నట్టయింది. చల్లగా, గట్టిగా, అడుగున కొంచెం వెచ్చగా. ఆ వెచ్చదనం ఎక్కడి నుంచి వచ్చిందో నేను ఆలోచించలేదు. కుదిరిందిరా దేవుడా అనుకున్నాను, అంతే. ఇదే నా మొదటి తప్పు.

బళ్ళారి వ్యాపారి వచ్చే రోజు రానే వచ్చింది. షెడ్డు ఊడ్చి, ముగ్గేసి, బల్ల మీద కొత్త గుడ్డ పరిచాం. సావుకారు కూడా వచ్చి ఒక కుర్చీలో కూర్చున్నాడు. కూతురి వైపు చూస్తున్నాడు, గోడల వైపు కూడా చూస్తున్నాడు. ఎన్ని బేళ్ళు పడతాయో కళ్ళతోనే కొలుస్తున్నాడని మాకందరికీ తెలుసు.

వ్యాపారి సన్నగా, ఇస్త్రీ బట్టల్లో, మర్యాదగా ఉన్నాడు. నేను దూది అందించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దమ్మా, ఈ దూదీ గీదీ పాత పద్ధతి" అని సంచిలోంచి తెల్ల కాగితపు పట్టీలు తీశాడు. ఒక దాని మీద మా సెంటు కొట్టాడు, ఆడించాడు, వాసన చూశాడు. ఇంకొకటి తీశాడు. మళ్ళీ చూశాడు.

"స్వల్ప కష్టమమ్మా" అన్నాడు చివరికి తన కన్నడ తెలుగులో, అంటే కుదరదని. "ఆస్పత్రి వరండా మాదిరుంది. తుడిచినారు, తడి ఆరలేదు, బాగుంది. కానీ మనుషులు లేరు దీంట్లో."

నేను పట్టీ లాక్కుని చూశాను. ఆయన చెప్పింది నిజం. చల్లదనం ఉంది, చెక్క ఉంది. మనిషి లేదు. నేను కలిపిన సెంటు కాదిది. ఎవరో మార్చేశారు, లేదా సీసాలో ఏదో ఉండిపోయింది. నాకు కళ్ళు కనబడలేదు. ముప్పై ఏళ్ళ పేరు, పాప మొహం, గోడలు కొలిచే సావుకారు, అన్నీ కలిసి నెత్తికెక్కాయి. నేరుగా తొట్టి దగ్గరికి పోయాను.

"ఏమక్కా, సీసాలు కడగడం కూడా రాకపోయె నీకు? సోడా వాసన పోకుండానే ఇచ్చినావు. అందరి నోట్లో మన్ను కొట్టినావు కదా."

షెడ్డంతా విన్నది. సీసాలక్క చేతులు చొక్కాకు తుడుచుకుంది. పక్కన బోర్లించిన వాటిలోంచి ఒక సీసా తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. "సూడు" అంది. ఏ వాసనా లేదు. రెండోది తీసింది. "సూడు." లేదు. మూడోది. అందులోనూ ఏమీ లేదు. ఆమె చెక్క మీద కూర్చుని కడగడం మొదలుపెట్టింది. అంతకుముందు కంటే ఇంకా శుభ్రంగా, ఒక్కొక్క సీసా వెలుతురుకు పట్టి చూసి మరీ కడుగుతోంది. నేను పెన్సిలుతో రాసిన మాట నాకే గుర్తొచ్చి అక్కడే కుంగిపోయాను.

తల దించుకుని లోపలికొచ్చేసరికి వ్యాపారి సంచి జిప్పు మూస్తున్నాడు. పాప గోడకు ఆనుకుని నిలబడి ఉంది. సావుకారు మాత్రం బల్ల మీద నేను పెట్టిన దూది ముక్క చేతిలోకి తీసుకున్నాడు. పత్తి వ్యాపారి చేతికి దూది అందితే ఊరుకోదు కదా. రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి పోగు లాగాడు, పొడవు చూశాడు, అలవాటుగా ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన మా షెడ్డులో ముక్కు మీద కండువా లేకుండా ఒక వాసన చూడటం అదే మొదటిసారి.

"దీంట్లో ఏం కలిపినావమ్మా?" అన్నాడు.

"ఏమీ కలపలేదన్నా. అదే సెంటు."

"అదెట్లా? కాగితం మీద ఉత్తదని అనిరి కదా. ఇది బాగుండాది." మళ్ళీ చూశాడు. లేచి పోయి గోనెసంచిలోంచి ఉత్త దూది గుప్పెడు తీసి వాసన చూశాడు. అప్పుడు నవ్వడం మొదలుపెట్టాడు. కుర్చీలో కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాడు.

"గింజ నలిగిన దూదమ్మా ఇది. గింజ తీసే జిన్నింగులో గింజ పగిలితే నూనె అంటుకుంటాది, దీన్ని ఎవరూ కొనరు. పారేయడమెందుకని నేనే మీ షెడ్డుకు పంపిస్తాంటి. నలభై ఏండ్లు పత్తి వాసన సూసినోన్ని ఇంట్లోనే పెట్టుకొని, ఒక్కరన్నా నన్ను అడిగినారా?"

నాకు అప్పుడు తెలిసింది. మల్లె, సంపెంగ లాంటి ఘాటు సరుకు ముందర ఆ గింజ నూనె వాసన ఎంత, ఎవరికీ తెలియలేదు. ఇది మెత్తని సెంటు. మూడు వారాలు నేను వాసన చూసింది సీసాలో ఉన్న దాన్ని ఒక్కదాన్నే కాదు, సీసాలో ఉన్నదీ దూదిలో ఉన్నదీ కలిపి. ఆ వెచ్చదనం దూదిది. మనిషి ఉన్నది దూదిలో. పక్కన పడేసిన దూది మీద సెంటు చూసే పని ఆదోనిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా జరగదు.

ఉన్న సంగతి అందరి ముందరా చెప్పేశాను. తప్పు సీసాది కాదు, నాది అని. వ్యాపారి మర్యాదగా విన్నాడు, గడియారం చూసుకున్నాడు. "ఇంకోసారి చూద్దామమ్మా" అన్నాడు. ఆ మాటకు అర్థం మీకూ తెలుసు.

సావుకారు లేచాడు. సెంటు దూది చిన్నగా చుట్టి, పెళ్ళికొచ్చిన వియ్యంకుడికి పెట్టినట్టు వ్యాపారి చెవి మడతలో పెట్టేశాడు. "ఇదేందన్నా" అని ఆయన తీయబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనీ. మా ఇంటి మర్యాద. ఉగ్గాని తిని పోదువు, బజ్జీలు వేడిగా ఉండాయి."

బళ్ళారి మనిషి తాలింపు పెట్టిన బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు వద్దంటాడా? కూర్చున్నాడు. పొలం పంటల గురించి, రోడ్ల గురించి మాటలు పడ్డాయి. సెంటు గురించి ఎవరూ ఎత్తలేదు. రెండో బజ్జీ కొరికి కారానికి నీళ్ళు తాగుతూ, ఉన్నట్టుండి ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"ఎవరొచ్చినారు?" అన్నాడు.

"ఎవరూ రాలేదే" అంది పాప.

"లేదమ్మా, ఎవరో వచ్చి వెనక నిలబడినట్టుంది." మళ్ళీ తిరిగి చూశాడు. అప్పుడు చెవి తడుముకున్నాడు. దూది తీసి చూశాడు, వాసన చూశాడు, నా వైపు చూశాడు. బజ్జీ ఆకులో పెట్టేశాడు. తినేదాన్ని మధ్యలో ఆపేశాడంటే నాకు అక్కడే తెలిసిపోయింది.

సీసాతో పాటు ఆ దూది కూడా చిన్న ఉండ చుట్టి పెట్టెలో పెట్టాలని షరతు పెట్టి ఆర్డరు రాసిచ్చి వెళ్ళాడు. తరవాత రెండు నెలలు తంటాలు పడి ఆ గింజ వెచ్చదనాన్ని సీసాలోకే తెచ్చాను గానీ, పెట్టెలోంచి దూది తీయడానికి ఆయన ఒప్పుకోలేదు. సావుకారు బేళ్ళకు పక్క సందులో స్థలం చూసుకున్నాడు. ఎవరూ కొనని దూదిని ఇప్పుడు తాళం వేసి దాస్తున్నాడు. సరుకు మంచిదొస్తే దిగులు పడతాడు, గింజ పగలడంలేదని.

అసలు సంగతి ఇంకా ఉంది. ఆ సాయంత్రం అందరూ సంబరంగా ఇంటికి బయలుదేరుతుంటే నేను తొట్టి దగ్గరికి పోయాను. పొద్దున నలుగురిలో అన్నాను కాబట్టి నలుగురూ ఉండగానే మాట్లాడాలనుకున్నాను.

"అక్కా, తప్పు నాది."

"ఏం తప్పు?"

"సోడా వాసన అంటిని కదా."

"అంటివి" అంది. అంత సులువుగా వదిలిపెట్టే మనిషి కాదు. కొంచెంసేపు నన్ను అలాగే నిలబెట్టి, "మూడు సీసాలు సూపించినా. నాలుగోది సూపించమంటావా?" అంది. పెదవి చివర నవ్వు కనబడింది. నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి. ఆమె కాళ్ళ దగ్గరే కూర్చుండిపోయి, కొంగులో దాచుకున్న సెంటు దూది ఆమె చేతికిచ్చాను.

ముక్కు దగ్గర పెట్టుకుంది. దూరం పెట్టి చూసింది. తిప్పి చూసింది.

"ఏం వాసన లేదే" అంది.

"బాగా సూడక్కా."

"సూసినా కదా. ఊరికే నీళ్ళ మాదిరుంది. దీనికా మీరు మూడు వారాలు తిండి మానుకొని కూర్చునింది?"

ఎవరి ఇంటి వాసన వాళ్ళకు తెలియదు. నా ముప్పై ఏళ్ళ పనిలో అంతకు మించిన మెప్పు నాకు దొరకలేదు, ఇంక దొరకదు కూడా. చెప్పేద్దామా అని నాలుక చివరిదాకా వచ్చింది. తొట్టి నిండా నీళ్ళున్నాయి, ఆగాను. దానికి బదులు, పెట్టె మీద వేయడానికి పాప తిరగరాయించిన కాగితం తీసి చదివి వినిపించాను. నడకలో తొందర ఉండదు, ఆలస్యమూ ఉండదు. అందరితోనూ ఒకటే మాట. కోపం వస్తే పని ఇంకా బాగా చేస్తుంది. ఖాళీ దొరికితే చేతులు ఆరబెట్టుకుంటుంది.

ఆమె చేతులు చొక్కాకు తుడుచుకుంటూ శ్రద్ధగా విన్నది.

"ఎవరమ్మా ఈమె?" అంది.

"మనకు తెల్సినామెలే అక్కా."

"గట్టి మనిషే ఉన్నట్టుండాది." బోర్లించిన సీసాల వైపు చూసింది. "బళ్ళారాయన ఆర్డరు శానా పెద్దదంటాండారు. అన్ని సీసాలు నేనొక్కదాన్నే యాడ కడిగేది? ఆమెను ఒకసారి తోడుకొని రా. పనిమంతురాలయితే పెట్టుకుందాం."

అని, చెక్క మీద కొంచెం పక్కకు జరిగి, ఆమె కూర్చోవడానికి చోటు చాలుతుందా లేదా అని చూసుకుంది.

నేను పని మానేసి ఇంట్లో కూర్చున్నా సీసాలక్క ఇంకా మానలేదు. బజారులో కనబడ్డప్పుడల్లా అడుగుతుంది, ఆమె ఎప్పుడొస్తాదని.